మెట్ట కొండల్లో భిక్షువుల ఊరు

ఏలూరు నుంచి కామవరపుకోట వైపు బయలుదేరితే కాసేపటికే నేల తీరు మారిపోతుంది. కాలువలూ వరి మళ్లూ వెనకబడి మెట్ట మొదలవుతుంది. రోడ్డుకు అటూ ఇటూ పామాయిల్ తోటలు, వాటి నీడన కోకో చెట్లు, మధ్యమధ్య మొక్కజొన్న, జీడిమామిడి. ఏలూరుకు దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో జీలకర్రగూడెం అనే పల్లె వస్తుంది. ఆ ఊరి పక్కనే అర్ధచంద్రాకారంలో వంగిన చిన్న కొండలు. పెద్ద ఎత్తేమీ కాదు, దారిన పోయేవాళ్లు తలెత్తి చూడనైనా చూడరు. ఆంధ్రదేశంలో ఇప్పటికీ నిలిచివున్న అతి పాత బౌద్ధ ఆరామాల్లో ఒకటి ఆ కొండల మీదే ఉంది. పుస్తకాల్లో దాని పేరు గుంటుపల్లి.

చుట్టుపక్కల వాళ్లంతా వాటిని ‘గుహలు’ అంటారు. వచ్చినవాళ్లూ గుహలు చూసినట్టే చూస్తారు. ఒకదాంట్లోకి తొంగి, ఇంకోదాని ముందు ఫోటో దిగి, పైదాకా ఎక్కకుండానే దిగిపోతారు. ద్వారకా తిరుమల దర్శనానికి వచ్చి, పనిలో పనిగా ఇటు తిరిగి పోయేవాళ్లకు అంతకంటే సమయం ఉండదు కూడా. కానీ అలా చూస్తే అసలు సంగతి చేతికి చిక్కదు. ఇది గుహల గుంపు కాదు, ఒక ఊరు. పడుకునే గదులు ఒకచోట, కొలుచుకునే చోటు ఇంకొకచోట, అందరూ కూడే మంటపం వేరు, చనిపోయిన పెద్దల గుర్తులు వేరు. ఊరికి ఉండాల్సినవన్నీ ఉన్నాయి. లేనివల్లా వంటిళ్లూ పొలాలే. అవి ఎందుకు లేవో తెలిస్తే ఆరామం ఎలా బతికిందో సగం అర్థమైనట్టే.

గుంటుపల్లిలో తొలి తొలుపులు క్రీస్తుపూర్వం 3-2 శతాబ్దాల నాటివని కళాచరిత్రకారులు లెక్కకట్టారు. అంటే అశోకుడి కాలానికి అటూ ఇటూ. అజంతాలో మనం అబ్బురపడి చూసే రంగుల గుహలు చాలా వరకు దీనికి ఆరేడు వందల ఏళ్ల తర్వాతవి. ఇక్కడ రంగులు లేవు, జాతక కథల బొమ్మలు లేవు. ఉన్నది రాయి, ఆ రాతి మీద ఉలి నడిచిన తీరు. చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ మాట ముందే తెలుసుకుని వెళ్తే నిరాశ పడరు.

మెట్లెక్కి వెళ్తే అందరి కాళ్లూ ముందుగా ఆగేది గుండ్రటి చైత్యం, అంటే ప్రార్థనా మందిరం దగ్గర. ఇక్కడ తీరిగ్గా నిలబడటం మంచిది, ఎందుకంటే కొండ మొత్తం మీద చూడాల్సిన వాటిలో మొదటిది ఇదే. కొండ చరియను తొలిచి గుమ్మం తీశారు. గుమ్మం పైన కమాను. ఆ కమాను అడుగున వరసగా దూలాల కొసలు బయటికి పొడుచుకొచ్చినట్టు కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి చేత్తో తడిమితే గానీ అవి దూలాలు కావని, రాతిలో చెక్కిన దూలాల రూపాలని నమ్మబుద్ధి కాదు. లోపలికి తలవంచి వెళ్తే గుండ్రటి గది, వ్యాసం సుమారు 18 అడుగులు. నడుమ రాతిలోనే మలిచిన స్తూపం. దాని చుట్టూ మనిషి వెనక మనిషి నడిచేంత ఇరుకు దారి, ప్రదక్షిణ కోసం. తలెత్తి చూస్తే కప్పు గోపురంలా వంగి ఉంటుంది. ఆ వంపు పొడవునా నడిమి నుంచి అంచులకు దిగుతున్న వాసాలు, వాటికి అడ్డంగా పట్టీలు, అన్నీ రాతివే. తాటాకు గుడిసెలో పడుకుని పైకి చూసినవాళ్లకు ఆ కప్పు కొత్తగా అనిపించదు.

రాతికి వాసాలు అక్కర్లేదు. కొండను తొలిచిన గదికి కప్పు దానంతటదే నిలుస్తుంది. మరి లేని బరువు మోయడానికి ఈ వాసాలెందుకు? ఆనాటి ప్రార్థనా మందిరాలు కర్రతో, వెదురుతో, గడ్డితో కట్టినవి. అవి ఎండకు ఎండి వానకు తడిసి ఎప్పుడో మట్టిలో కలిసిపోయాయి. రాతిలో మందిరం తొలచమన్నప్పుడు పనివాళ్లు తమకు తెలిసిన మందిరాన్నే రాతిలోకి దింపారు, వాసంతో సహా. అందువల్ల ఈ గది రెండు పనులు చేస్తోంది. తనను తాను చూపిస్తోంది. తనకు ముందున్న, మనం ఎన్నడూ చూడలేని కర్రకట్టడాల నమూనాను కూడా దాచిపెట్టి చూపిస్తోంది. వడ్రంగి పని చరిత్ర రాసేవాళ్లకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు.

ఇలాంటి ముఖద్వారం బీహార్‌లోని బరాబర్ కొండల్లో, లోమస్ రుషి గుహకు ఉంది. దాని పక్కనున్న సుదామ గుహను అశోకుడు ఆజీవకులనే సన్యాసులకు ఇచ్చినట్టు శాసనం చెబుతోంది. ఆ గుహలోనూ చివర గుండ్రటి గదే. కాకపోతే బరాబర్‌ది గట్టి గ్రానైటు. లోపలి గోడల్ని అద్దంలా మెరిసేలా నునుపు చేశారు. గుంటుపల్లిది ఇసుకరాయి. మెత్తగా తొలవడానికి వీలిస్తుంది, కానీ మెరుపు పట్టదు. వానా గాలీ తగిలినకొద్దీ పొరలుగా రాలుతుంది కూడా. ముఖద్వారం అంచులు అరిగిపోయి ఉండటానికి కారణం రాయి స్వభావమే. మగధలో పుట్టిన నమూనా ఇంత దూరం దక్షిణానికి ఎలా వచ్చింది? శిల్పులు వచ్చారా, భిక్షువులు మనసులో పెట్టుకుని తెచ్చారా అన్నది తేల్చి చెప్పడం కష్టం. రాకపోకలు ఉన్నాయన్నది మాత్రం ఆ గుమ్మమే చెబుతోంది.

గుంటుపల్లి గుండ్రటి చైత్యంలోని స్తూపానికి ఇంకో పేరుంది, ధర్మలింగేశ్వరస్వామి. భిక్షువులు వెళ్లిపోయాక ఎప్పుడో చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు గుండ్రటి రాతిని శివలింగంగా కొలవడం మొదలుపెట్టారు. శివరాత్రికి జనం వస్తారు. దీన్ని చూసి నొచ్చుకునే పండితులు ఉన్నారు. నిజానికి ఆ కొలుపే ఈ గదిని కాపాడిందేమో కూడా. దేవుడున్న గదిలో గొడ్లను కట్టరు, రాయి పగలగొట్టుకుపోరు.

చైత్యం నుంచి ముందుకు సాగితే కొండ వంపులో విహారాలు. ఇవి భిక్షువుల నివాసాలు. గుమ్మాలూ కిటికీల మీద చిన్న చిన్న కమానులు చెక్కారు గానీ లోపల అలంకారం ఏమీ లేదు. ఒకదాన్నానుకుని ఒకటి ఇరుకు గదులు. నేటి లెక్కలో చూస్తే హాస్టల్ గదికి కూడా సరిపోవు. కానీ అందులో ఉండే మనిషికి ఎంత సామాను ఉండేదో చూడాలి. భిక్షువు సొంతమని చెప్పుకోదగ్గవి ఎనిమిదే వస్తువులు: మూడు చీవరాలు (వస్త్రాలు), భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడకట్టుకునే గుడ్డ. నీళ్లు వడకట్టడం శుభ్రత కోసం మాత్రమే కాదు, నీటిలోని ప్రాణులు నోట్లో పడకూడదని. ఇంత తక్కువ సామానుకు గోడలో చిన్న గూడు చాలు.

మొదట్లో భిక్షువులకు స్థిరమైన ఇల్లంటూ లేదు. ఊరూరా తిరగడమే వాళ్ల పద్ధతి. వానాకాలంలో మాత్రం తిరగకూడదు. ఆషాఢ పున్నమి దాటిన మర్నాటి నుంచి మూడు నెలలు ఒకేచోట ఉండాలి. దాన్నే వర్షావాసం అంటారు. దారులు బురదవుతాయన్నది ఒక కారణమైతే, అడుగుపెడితే మొలకలూ పురుగులూ నలుగుతాయన్నది ఇంకో కారణం. ఆ మూడు నెలలకు నీడ కావాలి. అలా మొదలైన ఏర్పాట్లే ఏళ్లు గడిచేకొద్దీ శాశ్వత ఆరామాలయ్యాయి. మెట్ట ప్రాంతంలో ఆషాఢ శ్రావణాల్లో ఈ కొండకు వెళ్తే రాతి గది విలువేమిటో వేరే చెప్పక్కర్లేదు. బయట వాన కురుస్తుంటే లోపల పొడిగా ఉంటుంది.

ఇప్పుడు వంటిళ్ల సంగతి. భిక్షువుల నడవడికకు పెట్టిన వినయ నియమాల ప్రకారం భిక్షువు మధ్యాహ్నం దాటాక మర్నాడు పొద్దుపొడిచేదాకా అన్నం ముట్టకూడదు. వండుకోకూడదు, మట్టి తవ్వకూడదు, మొక్క నరకకూడదు. అంటే సేద్యం చేసుకునే దారి లేదు. తెల్లారగానే పాత్ర పట్టుకుని కొండ దిగాలి, ఇళ్ల ముందు నిలబడాలి, పెట్టింది తీసుకుని ఎండ ముదరకముందే తిరిగి రావాలి. కాబట్టి ఆరామం ఎక్కడ కట్టాలన్నది మొదటి ప్రశ్న. బింబిసారుడు బుద్ధుడికి వేణువనం ఇచ్చిన సందర్భంలో బౌద్ధ గ్రంథాలు దీనికి కొలమానం చెబుతాయి. ఊరికి మరీ దూరం కాకూడదు, మరీ దగ్గరా కాకూడదు. రావాలనుకున్నవాళ్లు రాగలగాలి, పగలు రద్దీ ఉండకూడదు, రాత్రి సద్దు ఉండకూడదు. గుంటుపల్లి కొండ మీద నిలబడి కిందికి చూస్తే ఆ లెక్క ఎంత బాగా సరిపోయిందో తెలుస్తుంది. మైదానం కనిపిస్తుంది, చప్పుడు వినిపించదు.

లోకాన్ని వదిలేసి కొండల్లోకి పారిపోయిన మనుషుల చోటు ఇది అనుకుంటే పొరపాటు. రోజూ ఊరి గడప తొక్కితే తప్ప ఇక్కడ పూట గడిచేది కాదు. భిక్షువు మట్టి తవ్వకూడదన్న నియమం ఉన్నప్పుడు, ఈ కొండను తొలిచింది కూలి తీసుకున్న రాతిపనివాళ్లే అయివుండాలి. ఆ కూలి ఎవరు ఇచ్చారు?

దానికి కొంత జవాబు ఆరామంలోనే ఉంది. విహారాల మీదుగా ఇంకా పైకి వెళ్తే శిథిల మంటపం ఒకటి. కప్పు ఎప్పుడో పోయింది, రాతి స్తంభాలు మిగిలాయి. వాటి మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో శాసనం. కళింగ మహిషకాధిపతి, మహామేఘవాహన వంశీకుడైన సిరిసద మహారాజు దగ్గర లేఖకుడిగా పనిచేసిన చులగోముడు ఈ మంటపాన్ని దానం చేశాడని దాని సారాంశం. దీన్ని మొదట్లో కళింగ రాజు ఖారవేలుడి శాసనంగా చదివారు. ఆర్. సుబ్రహ్మణ్యం 1968లో ఆ పేరుతోనే ప్రచురించారు కూడా. తర్వాత అక్షరాలు మళ్లీ పరిశీలించినవాళ్లు అది ఖారవేలుడు కాదు, అదే వంశానికి చెందిన సిరిసద అని సరిదిద్దారు. రాజు పేరు మీద పండితులు వాదించుకున్నారు గానీ, చూడ్డానికి వెళ్లినవాళ్లకు అంతకంటే ఆసక్తికరమైన మనిషి చులగోముడే. అతను రాజు కాదు, సేనాపతి కాదు, రాతకోతల ఉద్యోగి. మంటపం ఇచ్చేంత స్తోమత ఒక లేఖకుడికి ఉందంటే ఆనాటి కొలువుల్లో కలానికి ఎంత విలువ ఉండేదో ఊహించుకోవచ్చు.

ఇంకో శాసనం మెట్ల దానం గురించి. ఈ కొండకు మహానాగపర్వతం అనే పేరుండేదని, ఇక్కడి ఒక పెద్ద భిక్షువు శిష్యవర్గంలోని వారు మెట్లు ఇచ్చారని దాన్నిబట్టి తెలుస్తుంది. వేంగిని ఏలిన శాలంకాయనుల నాటి శాసనం కూడా ఇక్కడ బయటపడింది. కట్టడం అంతా ఒక చక్రవర్తి ఆజ్ఞతో ఒక్కసారిగా లేచింది కాదు. ఒకరు మంటపం, ఒకరు మెట్లు, అలా వందల ఏళ్లపాటు చేయీ చేయీ వేసి కట్టింది. నేటి గుళ్లలో ఫ్యాన్ రెక్కల మీద దాతల పేర్లు రాయించుకోవడం చూసి నవ్వుకునేవాళ్లు ఈ స్తంభాల దగ్గర కాస్త ఆగాలి. అలవాటు రెండు వేల ఏళ్ల నాటిది.

మంటపం దాటాక స్తూపాలు. చిన్నవీ పెద్దవీ కలిపి పదుల సంఖ్యలో, వేదికల మీద వరసలు వరసలుగా ఉన్నాయి. కొన్ని రాతిని చుట్టూ తొలిచి నిలబెట్టినవి, కొన్ని రాళ్లు పేర్చి కట్టినవి, కొన్ని ఇటుకవి. ఇవన్నీ బుద్ధుడి ధాతువుల మీద కట్టినవి కావు. చనిపోయిన పెద్ద భిక్షువుల జ్ఞాపకార్థం, మొక్కు చెల్లించుకునేందుకు ఇలాంటి చిన్న స్తూపాలు కట్టించడం ఆరామాలన్నింటా ఉన్నదే. దగ్గర్లోనే ఇటుకలతో కట్టిన చైత్యగృహం ఉంది. ఒక కొస గుండ్రంగా తిరిగిన పొడవాటి గది, నిలుచున్న బుద్ధుడి శిల్పాలు. గుండ్రటి గుహ కాలంలో బుద్ధుడికి విగ్రహం చెక్కే అలవాటే లేదు, స్తూపమే ఆయనకు గుర్తు. విగ్రహాలు తర్వాతి శతాబ్దాల్లో వచ్చాయి. కింద విగ్రహం లేని చైత్యం, పైన బుద్ధ ప్రతిమలు: బౌద్ధం ఎలా మారుతూ వచ్చిందో ఒకే కొండ మీద కాలినడకన చూడొచ్చు. ఆంధ్రలో ఇంత సౌకర్యంగా ఇది కనిపించే చోట్లు ఎక్కువ లేవు.

పోల్చి చూడాలంటే అనకాపల్లి పక్కన శంకరం గ్రామంలోని బొజ్జన్నకొండ ఉంది. అక్కడ 1906-08 ప్రాంతంలో పురావస్తు అధికారి అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపాడు. గుహలో స్తంభాల నడుమ ఏకశిలా స్తూపం, గోడల మీద బుద్ధ ప్రతిమలు, పక్కనున్న లింగాలకొండ నిండా రాతిని మలిచిన స్తూపాలు. అందం మాటకొస్తే బొజ్జన్నకొండదే పైచేయి అనాలి. వయసులో మాత్రం గుంటుపల్లి పెద్దది. అక్కడా జనం తమ కథ తాము కల్పించుకున్నారు, కాకపోతే కథ అడ్డం తిరిగింది. కొండ మీది ఒక కట్టడాన్ని రాక్షసుడి బొజ్జగా భావించి, కనుమ నాడు దాని మీద రాళ్లు రువ్వే ఆచారం ఉండేది. ఇటీవలి కాలంలో వారసత్వ పరిరక్షణ సంస్థలు, అధికారులు పూనుకుని దాన్ని ఆపే ప్రయత్నం చేశారు. ఒకచోట స్తూపం దేవుడైంది, ఇంకోచోట రాక్షసుడైంది.

కృష్ణా తీరంలోని ఆరామాలకు పట్టిన గతి ఇంకా ఘోరం. అమరావతి స్తూపం దిబ్బను 18వ శతాబ్దం చివర్లో కట్టడాలకు రాళ్ల కోసం తవ్వించారు. ఆ తర్వాతే సర్వే అధికారి కాలిన్ మెకంజీ కంట పడింది. మిగిలిన శిల్పాలు మద్రాసుకు, లండన్‌కు చేరాయి. భట్టిప్రోలు స్తూపం రాళ్లు, ఇటుకలు రోడ్డుకూ కాలువ పనులకూ పోయాయి. నాగార్జునకొండ లోయ జలాశయంలో మునిగింది. తవ్వి తీసిన వాటిలో కొన్నింటిని మాత్రం కొండ కొమ్మున మళ్లీ నిలబెట్టుకున్నాం. గుంటుపల్లి గుహలకు ఆ బాధ తప్పడానికి పెద్ద కారణం అవి కొండలో భాగం కావడమే. సున్నపురాయి పలకను బండికెత్తుకుపోవచ్చు, కొండను ఎత్తుకుపోలేరు.

భిక్షువులు మాత్రం వెళ్లిపోయారు. ఎప్పుడన్నది ఒక తేదీ వేసి చెప్పే సంగతి కాదు. 7వ శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ఆ దేశంలో సుమారు ఇరవై ఆరామాలు, మూడు వేల మంది భిక్షువులు ఉన్నారని రాసుకున్నాడు. ఆయన చెప్పిన ఆ దేశపు రాజధాని వేంగి అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అక్కడి నుంచి ఆయన అమరావతి ప్రాంతంలోని ధాన్యకటకానికి వెళ్లాడు. అక్కడ ఆరామాలు ఎన్నో ఉన్నా చాలా భాగం పాడుబడ్డాయని రాశాడు. అప్పటికే గాలి మారింది. సముద్ర వర్తకం తగ్గి దానాలిచ్చే వర్తకుల చేయి బిగిసింది. రాజుల ఆదరణ శైవ, వైష్ణవాల వైపు మళ్లింది. రోజూ ఒకరు పెడితే తప్ప గడవని ఊరికి పెట్టే చేతులు తగ్గితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మెట్టలో ఎండాకాలం ఎండ ఊరికే పోదు, రాతి మెట్లు కాలుతాయి. పొద్దున్నే చేరుకుంటే మంచిది. మంచినీళ్లూ తినడానికి ఏదైనా వెంట ఉంచుకోవాలి, కొండ మీద ఏమీ దొరకదు. సొంత బండి లేకపోతే కామవరపుకోట దాకా బస్సులో వచ్చి అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవడం తేలిక. పూట సమయం పెట్టుకోండి, తక్కువైతే పైనున్న స్తూపాల దాకా వెళ్లకుండానే తిరిగి రావాల్సి వస్తుంది. పిల్లలు వెంట ఉంటే గోడల మీద పేర్లు చెక్కనివ్వకండి. ఇసుకరాయి మీద మేకుతో గీసినా పడుతుంది, పడితే పోదు. పైగా ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. ఇలాంటి కట్టడాలను పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా విధించవచ్చని 1958 నాటి చట్టానికి 2010లో చేసిన సవరణ చెబుతోంది.

తిరుగు ప్రయాణంలో పెదవేగి దగ్గర ఆగితే చూసినదానికి రెండో సగం దొరుకుతుంది. ఏలూరుకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరే ఒకనాటి వేంగి. శాలంకాయనుల రాజధాని, తర్వాత తూర్పు చాళుక్యులది. కళింగ, కోసల, మహారాష్ట్ర, కర్ణాట, ద్రవిడ దేశాలకు పోయే ఐదు పాత దారులు వేంగి దగ్గర కలిసేవని, ఆంధ్రలోని బౌద్ధ క్షేత్రాలు ఎక్కువగా ఆ దారుల వెంటే ఉన్నాయని ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రేయ్ గుర్తించాడు. దారి ఉన్నచోట బండ్లు, బండ్లున్నచోట వర్తకులు, వర్తకులున్నచోట దానాలు. ఇప్పుడు పెదవేగిలో కనిపించేవి దిబ్బలు, తవ్వకాల్లో బయటపడిన ఇటుక గోడలు, ఊరి మధ్య తిరిగే ట్రాక్టర్లు. కొండ మీది గదులకు కూలి ఇచ్చిన డబ్బు ఏ సంతల్లో చేతులు మారివుంటుందో ఊహించాలంటే ఈ నేల మీదే నిలబడాలి.